పోర్టబుల్ అంటే టీవీ అనుకున్నదాన్ని

కంప్యూటర్ సెక్షన్‌లో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడూ ఫోన్ చేసి, "అమ్మా, మీ టైములో దొంగ సాఫ్ట్‌వేర్లను ఎట్లా పట్టుకునేవాళ్లు?" అని అడుగుతుంటారు. సగం మంది పని నేర్చుకుందామని అడుగుతారు. మిగతా సగం టీవీ కథ నా నోటితోనే వినాలని అడుగుతారు. అందరికీ కలిపి ఒకసారి రాసి పెడితే నాకు ఫోన్ మోత తగ్గుతుంది.

ప్రమోషన్ల సంగతి రాయను. నాకొచ్చినవే తక్కువ. అందులో ఒకటి ఇంకో బాలమణికి రావలసిందని ఆఫీసులో ఇప్పటికీ అంటుంటారు. నేను విచారించలేదు.

ఏ ఆఫీసో కూడా చెప్పను. అఫ్జల్‌గంజ్ దగ్గర, కిటికీ తెరిస్తే మూసీ వాసన లోపలికి వచ్చే పెద్ద బిల్డింగు. ఇంటింటికీ బిల్లులు పంపే ఆఫీసు. మీరు ఎప్పుడో ఒకప్పుడు మమ్మల్ని తిట్టే ఉంటారు.

పని ఏమిటంటే

ఆ బిల్డింగులో ఏ సెక్షన్‌లో చూసినా కంప్యూటర్లే. అన్నీ ఒకదానికొకటి వైర్లతో కలిసి ఉంటాయి. ఒకదానికి జలుబు చేస్తే సాయంత్రానికి అన్నీ తుమ్ముతాయి. అందుకని ఏ కంప్యూటర్‌లో ఏ సాఫ్ట్‌వేర్ ఉండాలో మా సెక్షన్ అనుమతి ఇవ్వాలి, పట్టికలో పేరు ఎక్కించాలి. పేరు ఎక్కనిది నడుస్తుంటే కనిపెట్టాలి. ఆ కనిపెట్టే పనిలో నడిచి వెళ్లి చూసే భాగం నాది.

మామూలు సాఫ్ట్‌వేర్ కంప్యూటర్‌లోకి అద్దెకు దిగినట్టు దిగుతుంది. తన పేరు రాయిస్తుంది, సామాను ఒక గదిలో సర్దుకుంటుంది. మన సెక్షన్‌లో కూర్చుని అడిగినా, "ఈ ఇంట్లో ఫలానావాళ్లు ఉన్నారు" అని కంప్యూటరే చెబుతుంది. పోర్టబుల్ సాఫ్ట్‌వేర్ అట్లా కాదు. చేతిసంచితో వచ్చిన చుట్టంలా పెన్ డ్రైవ్‌లో వస్తుంది. ఎక్కడా పేరు రాయించదు. పని చూసుకుని, సంచి సర్దుకుని వెళ్లిపోతుంది. ఇంట్లో ఎవరెవరున్నారని కంప్యూటర్‌ను అడిగితే దాని మాటే ఎత్తదు.

కొత్తగా వచ్చిన పిల్లలు ఇన్‌స్టాల్ అయినవాటి జాబితా తీసి, అంతా శుభ్రంగా ఉందని సంతకం పెడతారు. జాబితాలో ఉన్నవాటితో మనకేం పని? లేనివాటి కోసమే కదా జీతం ఇచ్చేది.

టీవీ కథ

ఇదంతా ఇప్పుడు చెబుతున్నాను కానీ, అటెండరుగా ఆ సెక్షన్‌కు మారిన మొదటి రోజు నాకు ఒక్క ముక్క తెలియదు. మా మొదటి బాస్ రామచంద్రం సార్ మంచి మనిషి. మాట మాత్రం రైలు. సగం ఇంగ్లిషు, సగం మింగేస్తారు. ఆ రోజు మీటింగుకు పరిగెత్తుతూ నాతో అన్నదాంట్లో నాకు పట్టుబడింది ఇంతే: "బాలమణీ, అన్ని సెక్షన్లూ తిరుగు. పోర్టబుల్ ఎక్కడున్నా పట్టుకొచ్చి నా టేబుల్ మీద పెట్టు. ఎవరు అడ్డం వచ్చినా వినకు."

పోర్టబుల్ అంటే ఏమిటో నాకు తెలియకపోవడమేమిటి? మా గౌలిపుర ఇంట్లో ఏళ్ల తరబడి ఉండింది. చిన్న టీవీ. పైన పట్టుకోవడానికి పిడి ఉంటుంది.

ముందు గేటు దగ్గరికి వెళ్లాను. వాచ్‌మన్ మల్లేశ్ తన గదిలో క్రికెట్ చూస్తున్నాడు.

"ఏందక్కా, నా టీవీ ఏం జేసింది?"

"పోర్టబులేనా, కాదా?"

"పోర్టబులే."

"అయితే జరుగు. సార్ ఆర్డర్."

"మ్యాచ్ నడుస్తుందే అక్కా! జర ఈ ఓవర్ అయ్యేదాంక ఆగు!"

"నీ ఓవర్ అయింది. వైర్ పీకు."

ఊపు వచ్చింది. అకౌంట్స్‌లో చిన్న ఫ్యాను ఉంది. డబ్బా మీద పోర్టబుల్ అనే రాసి ఉందని అక్కడి క్లర్కే చదివి ఇరుక్కున్నాడు. క్యాంటీన్ రేడియో తెచ్చాను. రామచంద్రం సార్ మీటింగు ముగించుకుని, పైనుంచి వచ్చిన ఒక పెద్దాఫీసరును వెంటబెట్టుకుని గదిలోకి వచ్చేసరికి టేబుల్ మీద టీవీ, ఫ్యాను, రేడియో వరసగా ఉన్నాయి. టీవీ యాంటెన్నా సారు కుర్చీ వైపు చూస్తోంది.

"ఇవేంటి బాలమణీ?"

"పోర్టబుల్లు సార్. ఇంక ఇస్త్రీ పెట్టె ఒకటున్నది. ఏడి మీదున్నదని ఆగిన. సల్లారినంక తెస్త."

ఆ పెద్దాఫీసరు నవ్వుతూ వెళ్లిపోయారు. సార్ నవ్వలేదు. పెన్ డ్రైవ్ ఒకటి జేబులోంచి తీసి నా అరచేతిలో పెట్టి, "పోర్టబుల్ ఇందులో ఉంటది" అన్నారు. అంత చిన్నదాంట్లో టీవీ ఎట్లా పడుతుందా అని నేను ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాను.

ఆ రోజు నుంచి నేను పోర్టబుల్ బాలమణి. మనిషిని పొట్టిగా ఉంటాను కాబట్టి పేరు ఇట్టే అతుక్కుపోయింది.

అర్థం కాకపోతే అడగాలని మీకు సలహా ఇవ్వడం తేలిక. నేను మాత్రం అడగలేదు, తల ఊపాను. అర్థం కాని మాట వినగానే తల ఊపడం నాకు ఒంటికి పట్టిన విద్య. దాని సంగతి ఇక్కడే చెప్పేస్తాను.

ఇంట్లో మరిచిపోయిన కళ్లజోడు

మాది పాల ఇల్లు. మా అన్నదమ్ములు బడికి పోతే నేను బర్రెల వెంట పోయాను. పెళ్లయ్యాక మా ఆయన ఈ ఆఫీసులోనే అటెండరు. ఆయన పోయాక ఆ ఉద్యోగం నాకిచ్చారు. అప్పటికి నాకు తెలుగులో నా పేరు కూడా రాయడం రాదు. ఫైళ్లను మరకలు చూసి గుర్తుపట్టేదాన్ని. టీ మరకది ఎస్టాబ్లిష్‌మెంటు, చెద తిన్నది స్టోర్సు.

ఎవరైనా కాగితం చేతికిచ్చి చదవమంటే ఒకే మాట: "కండ్లజోడు ఇంట్ల మర్సిపోయిన బిడ్డా, జర నువ్వే సదువు." నాకు అసలు కళ్లజోడే లేదు. అయినా ఏళ్ల తరబడి దాన్ని ఇంట్లో మరిచిపోతూనే వచ్చాను.

ఒకసారి ఒక కుర్ర క్లర్కు జాలిపడి తన జోడు తీసి ఇచ్చాడు. "నాది పెట్టుకో అక్కా."

"నీ పవరు నాకు పడదు బిడ్డా."

"దీనికి పవరే లేదక్కా. ఉత్త అద్దం. స్టైల్ కోసం పెట్టుకుంట."

ఇక నాకు తలనొప్పి వచ్చింది. అంత పనికొచ్చే తలనొప్పి మళ్లీ రాలేదు. మరుసటి వారమే గౌలిపురలో పెద్దవాళ్లకు అక్షరాలు నేర్పే క్లాసులో పేరు ఇచ్చుకున్నాను. అక్కడ కూర్చున్న మొదటి రోజు కూడా, బోర్డు మీద ఏముందో చదవమంటే కళ్లజోడు మరిచిపోయానన్నాను. పంతులమ్మ, "ఇక్కడ అందరూ మరిచిపోయే వచ్చారు, కూర్చో" అంది.

ఏ తర్వాత ఎస్

తెలుగు అక్షరాలు క్లాసులో వచ్చాయి. ఇంగ్లిషు అక్షరాలు కంప్యూటర్ సెక్షన్‌లో, కీబోర్డు తుడుస్తూ నేర్చుకున్నాను. అందుకని నా ఇంగ్లిషు అక్షరమాల క్యూతో మొదలవుతుంది. ఏ తర్వాత ఏం వస్తుందంటే ఎస్ అంటాను. నాకు చాలాకాలం అందరి అక్షరమాలా అదేనని నమ్మకం.

ఒక రోజు, ఏ కంప్యూటర్‌లో ఏం నడుస్తోందో చెప్పే స్కానింగు రిపోర్టులో ఎస్‌తో మొదలయ్యే పేరు ఒకటి దాదాపు అన్ని కౌంటర్ల కంప్యూటర్లలోనూ కనిపించింది. అనుమతి పట్టిక తీశాను. ఏ అక్షరం పేజీ అయిపోయింది. తర్వాతి పేజీ చూస్తే బి. ఎస్ లేనే లేదు! ఇన్ని కంప్యూటర్లలో దొంగ సాఫ్ట్‌వేరా! మా సెక్షన్ ఇంజినీరు కిరణ్ దగ్గరికి పరిగెత్తాను.

"బిడ్డా, ఇది లిస్టుల లేదు. తొందరగ బంద్ వెట్టు."

"పక్కా చూసినవా అమ్మా?"

"'ఏ' పక్కన పేజీ గూడ చూసిన."

నా మీద నమ్మకంతో కిరణ్ ఆపేశాడు. ఆ ఎస్ మా ఆఫీసు సొంత బిల్లింగు సాఫ్ట్‌వేర్. కౌంటర్లన్నీ ఆగిపోయాయి. లైన్లో ఉన్నవాళ్ల లొల్లి మా అంతస్తు దాకా వచ్చింది. "కడ్తమని వచ్చినా కట్టించుకుంటలేరు, ఇదేం ఆఫీసు వయా!" అని ఒక పెద్దమనిషి గొంతు నాకు ఇప్పటికీ గుర్తుంది. తప్పు పట్టవలసిన మాట ఒక్కటీ అందులో లేదు.

రామచంద్రం సార్ నన్ను పిలిచి, "అసలు ఎట్లా వెతికావు?" అని అడిగారు. నా అక్షరమాల అప్పజెప్పాను. క్యూ, డబ్ల్యూ, ఈ, ఆర్... సగంలో ఆయన గోడ వైపు తిరిగిపోయారు. భుజాలు ఊగుతున్నాయి. ఏడుస్తున్నారనుకుని మంచినీళ్లు తెచ్చాను.

పైవాళ్లు సంజాయిషీ అడిగితే ఆయన తన పేరు మీద రాసుకున్నారు. మర్నాడు యాపిల్, బాల్, క్యాట్ బొమ్మలున్న పిల్లల చార్టు ఒకటి తెచ్చి నా టేబుల్ ఎదురుగా అంటించారు. నేను రిటైరయ్యే దాకా అది అక్కడే ఉంది. బాసుల్లో రెండు రకాలు చూశాను. మీ తప్పు చూసి నవ్వి, కాగితం మీద కాపాడేవాళ్లు ఒక రకం. మీ ఎదుట మెత్తగా మాట్లాడి, కాగితం మీద పొడిచేవాళ్లు ఇంకో రకం. నవ్వేవాళ్ల దగ్గర పని నేర్చుకోండి.

అప్పటి నుంచి ఏదైనా "లేదు" అనాల్సి వస్తే, నేను ఎక్కడ చూశానో ఎట్లా చూశానో కూడా కలిపి చెప్పడం అలవాటు చేసుకున్నాను.

పేరు మారుతుంది, నడక మారదు

మనుషులు తెలివైనవాళ్లు. స్కానింగు పేరును బట్టి పడుతుందని తెలియగానే పేర్లు మార్చారు. రెవెన్యూ సెక్షన్ పెద్దసారు పేకాట సాఫ్ట్‌వేర్‌కు 'ఆడిట్' అని పేరు పెట్టుకున్నారు. భోజనాల తర్వాత రోజూ ఆడిట్ నడిచేది.

"సార్, మీ కంప్యూటర్ల ఆడిట్ నడుస్తుంది" అన్నాను.

"నడవనియ్యమ్మా, ఇంపార్టెంట్."

"రాణి పడ్డట్టున్నది సార్. చూస్కోండ్రి."

పేరు మార్చినా ఫైలుకు వేలిముద్ర లాంటిది ఒకటి ఉంటుంది, అది మారదు. దాన్ని లెక్కగట్టే యంత్రం మన దగ్గర ఉంది. వేలిముద్ర తెలియని కొత్తదైతే, అది ఏం చేస్తోందో చూడాలి. కీబోర్డు మీద ఏం నొక్కుతున్నారో వింటోందా, తెరను ఫోటోలు తీస్తోందా, వైరు మీద బయటికి ఏమైనా పంపుతోందా. మా ఇంట్లో బర్రెలకు పేర్లు లేవు. మందలో కలిసినా నడక చూసి తోలుకొచ్చేదాన్ని. ఇదీ అంతే అనుకున్నాను. అందుకే ఈ పనిలో నన్ను మించినవాళ్లు లేరని ఒక దశలో నమ్మాను. ఆ నమ్మకాన్ని ఆనంద్ వదిలించాడు.

ఆనంద్ కంప్యూటర్

రామచంద్రం సార్ రిటైరయ్యాక వసుంధర మేడమ్ వచ్చారు. పని తెలిసిన మనిషి, చేతివాటం లేని మనిషి. మనుషుల కంటే రిపోర్టును ఎక్కువ నమ్మేవారు. ఆమె పెట్టిన రూలు: అనుమతి లేని పోర్టబుల్ దొరికితే పర్మనెంటువాళ్లకు మెమో, కాంట్రాక్టువాళ్లు అదే రోజు ఇంటికి. రూలు కాంట్రాక్టువాళ్లకే తగిలేదని, పర్మనెంటువాళ్లకు ఊరికే రాసుకునిపోయేదని వేరే చెప్పక్కర్లేదు.

ఆ రోజుల్లో జనం నుంచి ఒక గొడవ వచ్చింది. మా ఆఫీసుకు కంప్లైంటు ఇచ్చినవాళ్ల ఫోన్ నంబర్లు బయటికి పోతున్నాయట. ఎవరెవరో ఫోన్లు చేసి, మీ పని చేయిస్తామని వేధిస్తున్నారట. పైనుంచి మేడమ్‌కు రోజూ తిట్లు. సరిగ్గా అప్పుడే మా యంత్రం ఒకటి పట్టింది. కంప్లైంట్ల సెక్షన్‌లో ఒక కంప్యూటర్ మీద పెన్ డ్రైవ్ నుంచి ఏదో నడుస్తోంది. పేరు 'నోట్స్' అని పెట్టారు. ఆగకుండా తెరను ఫోటో తీస్తూనే ఉంది.

ఆ కంప్యూటర్ ఆనంద్‌ది. ఉప్పుగూడ నుంచి రైల్లో వచ్చే కాంట్రాక్టు ఆపరేటరు. నలభై దాటిన మనిషి. చేతిరాత కంప్లైంట్లన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కిస్తాడు. తల ఎత్తడు, మాట పెంచడు.

"దొంగ దొరికాడు బాలమణమ్మా. నడుస్తుండగా కళ్లారా చూసి రండి. పోలీసు కంప్లైంటు నేనే ఇస్తాను" అన్నారు మేడమ్.

కళ్లారా చూడటానికి బయల్దేరాను. నేను దగ్గరికి పోగానే ఆనంద్ ఏదో మీట నొక్కేవాడు. తెర మామూలుగా ఉండేది. చప్పుడు విని జాగ్రత్త పడుతున్నాడని చెప్పులు చేత్తో పట్టుకుని వెళ్లాను. "అక్కా, సెప్పులు దెగినయా?" అని టీ అబ్బాయి మొత్తం హాలుకు వినబడేలా అడిగాడు. ఇంకోసారి బీరువా చాటున నిలబడితే, "పోర్టబుల్ అక్క బీరువ ఎనుక ఏం జేస్తున్నదే?" అని టైపిస్టులు పందెం వేసుకున్నారు. నా పేరే నాకు శత్రువైంది.

చివరికి చెప్పులు చేతిలోనే ఉంచుకుని ఒక ఉపాయం చేశాను. పెన్ డ్రైవ్‌లు తేకూడదన్న నోటీసు చేతికిచ్చి, "సదివి దస్కత్ వెట్టు" అన్నాను. చదివేలోపు తెర చూద్దామని.

ఆనంద్ కాగితం తీసుకున్నాడు. చొక్కా జేబు తడుముకున్నాడు. నవ్వాడు.

"కండ్లద్దాలు ఇంట్ల మర్సిపోయిన అక్కా. జర మీరే సదువుండ్రి."

నా చేతిలో చెప్పులు కింద పడ్డాయి. ఆ మాట నాది. ఆ నవ్వు నాది. జేబు తడుముకోవడం కూడా నాదే, నేనైతే కొంగు తడుముకునేదాన్ని. ప్రపంచంలో ఈ అబద్ధాన్ని నాకన్నా బాగా గుర్తుపట్టేవాళ్లు ఉండరు. ఆనంద్‌కు అక్షరాలు రావు!

రోజంతా టైపు చేసే మనిషికి అక్షరాలు రాకపోవడమేమిటని ఒక్క క్షణం కూడా అనుకోలేదు చూడండి. అదీ నా తెలివి. మెట్ల దగ్గరికి తీసుకుపోయాను.

"ఆనంద్, నాకు తెలిసిపోయింది."

"అక్కా..."

"ఫికర్ జెయ్యకు. నేను గూడ గట్లనే ఉంటి."

"మీరు గూడనా?"

"మస్తు ఏండ్లు. ఎవ్వలకు తెల్వకుంట నడిపించిన."

ఆనంద్ నా చేయి పట్టుకున్నాడు. "మరి ఎట్ల నయమైందక్కా? ఏ దవఖాన?"

"దవఖానేంది? నేర్సుకున్న. పొద్దుగూకినంక రోజు ఓ గంట కూసో. ముందుగాల అ ఆ లు దిద్దిపిస్త."

"అ ఆ లా?"

"సిగ్గువడకు."

"అక్కా, నేను బీకాం."

"బీకాం అయితే ఏంది, అక్షరాలు రాకపాయె!"

ఆనంద్ నన్ను చూశాడు. తర్వాత మెట్ల మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టాడు. నేనూ నవ్వాను, ఎందుకో తెలియకుండానే. అతని నవ్వు ఉన్నట్టుండి ఆగిపోయింది. అప్పుడు చెప్పాడు. కంటి వెనక పొర పాడవుతోంది. జోడు పెట్టుకున్నా లాభం లేదు, ఆపరేషన్ కూడా లేదన్నారు. చూస్తున్న చోటే మసక కమ్ముతుంది, చుట్టుపక్కల మాత్రం కనిపిస్తుంది. ఆ 'నోట్స్' ఒక భూతద్దం. తెర మీద మౌస్ బాణం ఎక్కడుంటే అక్కడి అక్షరాలను పెద్దవి చేసి చూపిస్తుంది. కాగితాలను ఫోన్‌తో ఫోటో తీసి, వాటినీ దాని కిందే చదువుకుంటాడు. మీట నొక్కితే మాయమవుతుంది. తెరను పెద్దగా చూపాలంటే ముందు ఫోటో తీయాలి కదా. యంత్రం పట్టింది దాన్నే.

యంత్రం తప్పు చెప్పలేదు. తెరను ఫోటో తీస్తోందంది, అది నిజం. ఎందుకు తీస్తోందో అది చెప్పలేదు, నేను అడగలేదు.

"నడువు, మేడమ్‌కు జెప్పుదాం" అన్నాను.

"వద్దక్కా."

"నంబర్లు అమ్ముకుంటున్నవని పోలీసులకు ఇస్తదట!"

"ఇయ్యనియ్యుండ్రి. దొంగ అన్నా మంచిదే గని గుడ్డోడు అనొద్దు. దొంగకు ఇంకో తాన పని దొరుకుతది. కండ్లు గనవడని ఆపరేటర్ను ఎవలు వెట్టుకుంటరక్కా?"

అది నిజం. నేను నిజానికి ఎదురు చెప్పే రకం కాదు, అందుకని నా సంగతే చెప్పాను.

"సూడు ఆనంద్. నేను ఏండ్లకేండ్లు కండ్లజోడు ఇంట్ల మర్సిపోయిన. ఆ జోడు ఏడున్నదో ఇప్పటిదాంక దొరకలే. ఉద్యోగం జేసుడు కన్న ఆ అబద్ధం మోసుడే ఎక్కువ బరువైంది. నీకెంత బరువున్నదో నాకు ఎరుక. దింపు."

మేడమ్ గది

ఆనంద్ మేడమ్ ముందు కూర్చుని భూతద్దం చూపించాడు. కిరణ్ దాన్ని అన్ని విధాలా పరీక్షించి, ఏదీ బయటికి పంపడం లేదన్నాడు.

"మరి ఎందుకు దాచావు?" అన్నారు మేడమ్.

"చెప్తే ఉంచుతరా మేడమ్?"

ఇక్కడ మేడమ్ కరిగిపోయి కన్నీళ్లు పెట్టుకున్నారని రాస్తే బాగుంటుంది కానీ అట్లా జరగలేదు. "నంబర్లు ఎక్కడి నుంచి పోతున్నాయో తేలేదాకా ఇతన్ని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టకండి. తేలకపోతే ఈ రిపోర్టు పైకి పోతుంది" అన్నారు. ఆనంద్‌ను తపాలా సంచుల దగ్గర కూర్చోబెట్టారు. నన్ను చూసినప్పుడల్లా తల వంచుకునేవాడు. దింపమన్నది నేను. దింపాక ఆ బరువు నా నెత్తికెక్కింది.

కిరణూ నేనూ బిల్డింగులోని కంప్యూటర్లన్నీ జల్లెడ పట్టాం. పెన్ డ్రైవ్‌లు, వైర్లు, వేలిముద్రలు. పేకాటలు దొరికాయి, జాతకాలు దొరికాయి, ఎవరి మరదలి పెళ్లి ఆల్బమో దొరికింది. నంబర్ల దొంగ దొరకలేదు.

ఆ సాయంత్రాల్లో నాకు దిగులు తీర్చేది గేటు బయట మిర్చి బజ్జీల బండి ఒక్కటే. ఒక రోజు పొట్లం పట్టుకుని లోపలికి వస్తుంటే మల్లేశ్ దారికడ్డంగా నిలబడ్డాడు.

"అక్కా, ఆ పొట్లం పోర్టబులేనా, కాదా?"

"ఇగ పాత పగలు తియ్యకురా."

"పోర్టబులే. జరుగు. సార్ ఆర్డర్." పొట్లం గుంజుకుని ఒక బజ్జీ నోట్లో వేసుకున్నాడు. కాగితం విప్పి అట్లాగే ఆగిపోయాడు. "అక్కా, ఇందుల మా బామ్మర్ది పేరున్నదేంది? నంబర్ గూడ వాడిదే!"

మా కంప్లైంట్ల ప్రింటు కాగితాలు. పాతవి చించేయాల్సింది పోయి, స్టోర్సు నుంచి మూటలు మూటలుగా పాత కాగితాల కొట్టుకు పోతున్నాయి. అక్కడి నుంచి బజ్జీల బండికి, ఇంకా ఎవరెవరి చేతికో. కంప్యూటర్‌తో పనే లేదు. వైర్లన్నీ వెతికినదాన్ని, రోజూ సాయంత్రం ఆ నంబర్లలోనే చేతులు తుడుచుకున్నాను. అక్షరాలు ఎంత కష్టపడి నేర్చుకున్నానో మీకు చెప్పాను కదా. ఆకలి మీదున్నప్పుడు అవి పనిచేయవు.

నూనె కాగితాన్ని మేడమ్ టేబుల్ మీద పెట్టాను. ఆమె రెండు వేళ్లతో పట్టుకుని చదివారు. తర్వాత కిరణ్‌ను పిలిచారు.

"ఆనంద్ సాఫ్ట్‌వేర్ పోర్టబుల్‌గా అయితే ఈ బిల్డింగులో ఉండటానికి వీల్లేదు. ఇన్‌స్టాల్ చెయ్యండి. పట్టికలో పేరు ఎక్కించండి. ఆపరేటరు పనికి అవసరం అని రాయండి."

"కాంట్రాక్టు ఏజెన్సీ ఏమంటుందో మేడమ్..." అన్నాడు కిరణ్.

"పనికి అవసరమైన మనిషి అని ఏజెన్సీకి నేను రాస్తాను."

అంతే. కన్నీళ్లు లేవు, క్షమాపణ లేదు. కానీ ఆమె రాశారు, ఆ యేడు ఆనంద్ కాంట్రాక్టు నిలబడింది. ఆ తర్వాతి యేళ్లలోనూ ఎవరో ఒకరు ఆ మాట రాయాల్సి వచ్చింది. ఒకసారి రాయించుకోవడం కోసం నేను నాలుగంతస్తుల మెట్లు ఎక్కి దిగి, రాసేవారి ఎదుట నానా మాటలూ అనాల్సి వచ్చింది. ఇప్పుడు అతను ఫోన్ కంప్లైంట్లు విని, తెర మీదిది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌తో ఎక్కిస్తున్నాడు. దాని పేరు కూడా పట్టికలో ఉంది. ఎస్ కిందే ఉంది, నేను సరిగ్గా వెతికాను.

ఆఫీసు అతనికి దుర్బీన్ అని పేరు పెట్టింది. మొదట్లో అతను నొచ్చుకున్నాడు. "నన్ను సూడు, టీవీ పెట్టె పేరు వెట్టిండ్రు" అన్నాను.

పిల్లలకు ఒకే మాట చెబుతాను. దొంగ సాఫ్ట్‌వేర్లు మీకు బోలెడు దొరుకుతాయి, పట్టండి, మెమోలు ఇవ్వండి, నేను వద్దనను. మనిషి దాచుకున్నదల్లా దొంగసొత్తే అనుకోవద్దు. కొందరు దాచేది పేకాట. కొందరు దాచేది చెబితే బతుకు పోతుందనుకున్నది. రెండింటికీ యంత్రం ఒకే ఎర్ర దీపం వెలిగిస్తుంది.

నేను రిటైరైన రోజు దండలు, శాలువాలు, నా గురించి నాకే తెలియని గొప్పలు అన్నీ అయ్యాయి. మల్లేశ్ టీవీ కథ చెప్పాడు. ఇస్త్రీ పెట్టె దగ్గర కొంచెం పెంచాడు కూడా. చివర్లో ఆనంద్ టేబుళ్లు తడుముకుంటూ వచ్చి చిన్న డబ్బా ఒకటి నా చేతిలో పెట్టాడు.

"ఇగో అక్కా. మీరు ఇంట్ల మర్సిపోయిన జోడు. దొరికింది."

అఫ్జల్‌గంజ్ ఫుట్‌పాత్ మీద కొన్నాడట. వయసు మీద పడ్డాక నాకు నిజంగానే జోడు అవసరమైంది కాబట్టి అప్పటికప్పుడే పెట్టుకున్నాను. హాలంతా నీళ్లలో ఉన్నట్టు ఊగింది.

"పవరు సూడకుంట ఎట్ల కొన్నవ్ రా?"

"నాకు గనవడితే గదక్కా!"

ఇదంతా ఆ జోడు పెట్టుకునే రాశాను. తప్పులుంటే అవి పవరువి.